కాందిశీకులకు దిక్కెవ్వరు?

తెలుగులో యుద్ధభయమున ఇల్లు విడిచి పోవువానికి రెండు పేర్లున్నవి. ఒకటి కాందిశీకుడు, రెండవది శరణార్థి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున మన పత్రికలలో మొదటి మాటయే విరివిగా కనిపించెను. "కాం దిశమ్" అనగా "ఏ దిక్కునకు" అని అర్థము. ఏ దిక్కునకు పోవలెనో తెలియక పరుగెత్తువాడు కాందిశీకుడు. శరణార్థి అట్లు కాదు. అతడు ఒక గడప ముందర నిలిచి, కాపాడుమని అడుగువాడు. మొదటి మాటలో భయము మాత్రమే ఉన్నది. రెండవ మాటలో భయముతోపాటు ఎదుటివానిపై కొంత నమ్మకము కూడ ఉన్నది.

మన భాషలో దిక్కు అను మాటకు దిశ అనియు, ఆదరువు అనియు రెండర్థములు కలవు. గడచిన 100 సంవత్సరములలో దేశములు శరణార్థుల విషయమున చేసికొనిన ఒడంబడికల సారమంతయు ఈ రెండర్థముల నడుమ ఉన్నది. దిక్కు తెలియనివానికి ఒక దిక్కు చూపుటయే వాని ఉద్దేశము. ఆ ప్రయత్నము ఎంతవరకు నెరవేరినది, ఎచ్చట ఆగిపోయినది అనునది నేటి ప్రసంగవిషయము.

మొదట శరణార్థి యెవడో తెలిసికొనుట అవసరము. ఇల్లు వాకిలి విడిచిన ప్రతివాడును శరణార్థి కాడు. దీనికి తెలుగువారి చరిత్రలోనే ఒక ఉదాహరణ కలదు. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించెను. ఆ నగరపు రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేయుచుండిన కూలీలలో తెలుగువారు వేలకొలదిగా నుండిరి. ఓడలలో చోటు దొరకనివారు అరకాను కొండలమీదుగను, మణిపురము దారిని కాలినడకను బయలుదేరిరి. అట్లు 1942లో భారతదేశము చేరినవారు 4 లక్షలకు పైబడిరని అంచనా. ఆకలిచేత, కలరాచేత, మలేరియాచేత దారిలోనే కన్నుమూసినవారు వేలకొలది.

వారు పడిన కష్టము చెప్పనలవి కాదు. కాని వారికి ఒక్కటి మిగిలియుండెను. కొండ దాటినచో అవతలనున్నది తమ దేశము. విశాఖపట్టణమునందో, గోదావరి తీరపు గ్రామమునందో తమ ఇల్లు కాకున్నను చుట్టపు ఇల్లైనను ఉండెను. వారిని "నీ వెవ్వడవు, ఏల వచ్చితివి" అని సరిహద్దున అడిగి వెనుకకు త్రోసివేయు అధికారము ఎవ్వరికిని లేకుండెను. శరణార్థికి ఈ ఒక్కటియు ఉండదు. అతని సొంత ప్రభుత్వమే అతనిని వేధించుచుండును, లేదా అతనిని కాపాడు శక్తి దానికి ఉండదు. సరిహద్దు దాటిన క్షణముననే అతడు పరాయివాడగును. అతనికొరకు మాట్లాడు రాయబారి లేడు, అతని ఫిర్యాదు వినవలసిన పోలీసు లేడు, అతని పేరు వ్రాసికొనిన గ్రామపు లెక్క లేదు. అందువలన అతని బాధ్యత ఏ ఒక్క దేశమునకును సహజముగా చెందదు. ఎవ్వరికిని చెందనిది అందరికిని చెందవలెనని అనుకొనుటయే అంతర్జాతీయ బాధ్యతకు మూలము.

ఈ ఆలోచన మొట్టమొదట ఒక చిన్న కాగితముగా రూపు దాల్చెను. రష్యా విప్లవము, దాని వెంటనే వచ్చిన అంతర్యుద్ధము ముగియునప్పటికి 10 లక్షలమంది రష్యనులు ఐరోపా దేశములలో చెల్లాచెదరైయుండిరి. 1921లో సోవియటు ప్రభుత్వము వారి పౌరసత్వమును రద్దు చేసెను. ఆ సంవత్సరమే నానాజాతి సమితి వారి రక్షణకై ఫ్రిజోఫ్ నాన్సెను అను నార్వే దేశీయుని హైకమిషనరుగా నియమించెను. ఆయన ధ్రువప్రాంతములను శోధించిన సాహసి. 1922లో ఆయన పేరిట వెలువడిన గుర్తింపు పత్రమునే నాన్సెను పాస్‌పోర్టు అందురు. కాలక్రమమున 50కి పైగా ప్రభుత్వములు దానిని అంగీకరించెను. దేశము లేనివానికి పేరు, ఊరు, ప్రయాణపు హక్కు ఇచ్చిన కాగితమది. అయితే ఆ కాగితము చూపినవానిని లోనికి రానిచ్చి తీరవలెనను నియమము మాత్రము లేకుండెను.

ఆ లోపమెంత ఘోరమైనదో 1938లో తెలియవచ్చెను. జర్మనీలోను, ఆస్ట్రియాలోను నాజీల హింసకు గురియగుచున్న యూదులను ఎవరు చేర్చుకొందురని ఆలోచించుటకు ఆ సంవత్సరము జూలైలో ఫ్రాన్సునందలి ఏవియాను పట్టణమున 32 దేశముల ప్రతినిధులు సమావేశమైరి. ఇంచుమించు ప్రతి ప్రతినిధియు లేచి సానుభూతి ప్రకటించెను. పిమ్మట తమ దేశమున నిరుద్యోగమున్నదనియు, చోటు లేదనియు చెప్పి కూర్చుండెను. పెద్ద సంఖ్యలో చేర్చుకొందుమని ముందుకు వచ్చినది చిన్న దేశమగు డొమినికను రిపబ్లికు ఒక్కటియే.

మరుసటి సంవత్సరము మే నెలలో సెయింటు లూయీ అను ఓడ 937మంది ప్రయాణికులతో హాంబర్గునుండి క్యూబాకు బయలుదేరెను. వారిలో ఇంచుమించు అందరును యూదులు. క్యూబా కొద్దిమందిని మాత్రమే దిగనిచ్చెను. అమెరికా సంయుక్త రాష్ట్రములు అనుమతింపలేదు. ఓడ వెనుకకు మరలి ఐరోపా చేరెను. బ్రిటను, ఫ్రాన్సు, బెల్జియము, హాలెండు దేశములు వారిని పంచుకొనెను. కాని బ్రిటను తప్ప తక్కిన మూడు దేశములును అనతికాలములోనే జర్మనీ వశమయ్యెను. ఆ ప్రయాణికులలో 254మంది నాజీల మారణకాండలో మరణించిరని తరువాతి పరిశోధకులు తేల్చిరి.

ఆ కాలముననే వేరొక విధమైన ఉదాహరణ మన దేశమునందు కలదు. యుద్ధమున తల్లిదండ్రులను, ఇండ్లను కోల్పోయి సోవియటు భూభాగమునుండి వచ్చిన వందలాది పోలెండు బాలబాలికలకు 1942లో నవానగరు సంస్థానాధిపతి జాం సాహెబు దిగ్విజయసింహజీ తన రాజ్యమునందలి బాలాచడీలో నివాసము కల్పించెను. ఏ ఒడంబడికయు ఆయనను నిర్బంధింపలేదు. ఇది మెచ్చదగిన కార్యమే. కాని ఒక చిక్కు ఉన్నది. ఒకచోట దయగల ప్రభువు ఉండుటయు, వేరొకచోట లేకుండుటయు అదృష్టమును బట్టియుండును. ప్రాణము అదృష్టముపై ఆధారపడకూడదు. చట్టము యొక్క అవసరము ఇచ్చటనే పుట్టినది.

యుద్ధానంతరము ఆ చట్టము వచ్చెను. 1948నాటి విశ్వ మానవహక్కుల ప్రకటనయందలి 14వ అధికరణము, హింసనుండి పారిపోవు ప్రతివానికిని ఇతర దేశములలో ఆశ్రయము కోరుటకును, పొందుటకును హక్కు కలదని చెప్పెను. 1951 జనవరినుండి ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనరు కార్యాలయము పనిచేయ నారంభించెను. మొదట దానికి 3 సంవత్సరముల ఆయుర్దాయమే నిర్ణయించిరి. అంతలో పని ముగియునని పెద్దల ఆశ. ఆ కార్యాలయము నేటికిని పనిచేయుచునే ఉన్నది. 1951 జూలై 28న జెనీవాలో శరణార్థుల ఒడంబడికపై సంతకములు జరిగెను.

ఆ ఒడంబడికలో ముఖ్యమైన సంగతులు మూడు. మొదటిది, శరణార్థి యెవడను నిర్వచనము. జాతి, మతము, జాతీయత, ఒక సాంఘిక వర్గమునకు చెందియుండుట, రాజకీయాభిప్రాయము అను కారణములలో దేనివలననైనను హింస కలుగునను సహేతుకమైన భయముతో స్వదేశము వెలుపల నున్నవాడు శరణార్థి. రెండవది, అనుమతి లేక సరిహద్దు దాటినందుకు అతనిని శిక్షింపరాదు. ప్రాణభయముతో వచ్చువాడు వీసా తెచ్చుకొనలేడు గదా. మూడవది 33వ అధికరణము. ప్రాణమునకు గాని స్వేచ్ఛకు గాని ముప్పున్నచోటికి అతనిని తిప్పి పంపరాదు. ఒడంబడికకు ఆయువుపట్టు ఇదియే.

శ్రద్ధగా చూచినచో ఆ నిర్వచనములో యుద్ధము అను మాట లేదు. బాంబు పడి ఊరు కాలిపోగా పారిపోయినవాడు "నా మతము కొరకు నన్ను వేధించిరి" అని చెప్పలేకపోవచ్చును. పైగా 1951కి పూర్వము జరిగిన సంఘటనలకే ఆ ఒడంబడిక పరిమితమైయుండెను. ఈ కాలపరిమితిని 1967నాటి అనుబంధ ఒప్పందము తొలగించెను. యుద్ధమను కారణమును సూటిగా చేర్చిన ఘనత ఆఫ్రికా దేశములది. విదేశీయుల దురాక్రమణవలనను, శాంతిభద్రతలు తీవ్రముగా భంగమగుటవలనను పారిపోయినవారును శరణార్థులే అని 1969లో ఆఫ్రికా ఐక్య సంస్థ తన ఒడంబడికలో వ్రాసికొనెను. 1984లో మధ్య అమెరికా దేశములు కార్తహేనా ప్రకటనద్వారా అదే త్రోవ త్రొక్కెను.

ఇంతవరకు చెప్పినది ఆశ్రయమిచ్చు బాధ్యత. దీని ప్రక్కన వేరొక ప్రశ్న ఉన్నది. ఆ ఆశ్రయమునకగు ఖర్చు ఎవ్వరిది?

శిబి చక్రవర్తి కథ మన పిల్లలకు కూడ తెలిసినదే. డేగకు భయపడి పావురము ఆయన ఒడిలో వ్రాలెను. పావురమును విడువలేక, డేగ ఆకలిని కాదనలేక, ఆయన త్రాసులో తన మాంసమునే కోసి వేసెను. ఆ కథలో గమనింపదగిన సంగతి ఒకటున్నది. పావురము శిబి ఒడిలోనే ఏల వ్రాలెను? ఆయన దగ్గరలో ఉండుటచేత. వెల చెల్లించినది ఆయన ఒక్కడే. చక్రవర్తి తన దేహమును ఇచ్చుకొనవచ్చును. ప్రభుత్వము అట్లు చేయలేదు. అది ఇచ్చునది తన ప్రజల బియ్యమును, వారి ఆసుపత్రులలోని మంచములను, వారి బడులలోని చోటును. కనుక త్రాసు ఎల్లప్పుడును ఒకరి ముంగిటనే నిలిచియుండుట న్యాయము కాదు.

1951నాటి ఒడంబడిక వ్రాసినవారికి ఈ సంగతి తెలియకపోలేదు. ఆశ్రయమిచ్చుటవలన కొన్ని దేశములపై మితిమీరిన భారము పడవచ్చుననియు, అంతర్జాతీయ సహకారము లేనిదే సమస్య తీరదనియు వారు పీఠికలో వ్రాసిరి. కాని పీఠికలోనే వ్రాసిరి. శరణార్థిని వెనుకకు పంపరాదనుట కట్టుబాటు. భారమును పంచుకొనవలెననుట సదుద్దేశము మాత్రమే. మొదటిదానిని తప్పినవాడు ఒడంబడికను తప్పినవాడగును. రెండవదానిని తప్పినవానిని అడుగువారు లేరు. ఈ రెండింటి నడుమ నున్న ఖాళీయే నేటి సమస్తమైన చిక్కులకు మూలము.

పంచుకొనదలచినచో పంచుకొనవచ్చునని 1956లో ఋజువైనది. హంగరీ తిరుగుబాటును సోవియటు సైన్యము అణచివేయగా సుమారు 2 లక్షలమంది దేశము విడిచిరి. వారిలో అత్యధికులు ఆస్ట్రియాకును, తక్కినవారు యుగోస్లావియాకును చేరిరి. రెండు మూడు సంవత్సరములు గడచునప్పటికి వారిలో 1 లక్షా 80 వేలమందికి సుమారు 37 దేశములు నివాసము కల్పించెను. ఆస్ట్రియా తలుపు తెరచెను, తక్కిన దేశములు బరువు ఎత్తుకొనెను. తరువాతి కాలమున ఇంత వేగముగా ఇట్టి కార్యము జరుగుట అరుదు.

మన దేశమునకు ఈ పరీక్ష 1971లో వచ్చెను. మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాను సైన్యము ఊచకోత మొదలుపెట్టెను. డిసెంబరు నాటికి తూర్పు బెంగాలునుండి భారతదేశములోనికి వచ్చినవారు ఇంచుమించు ఒక కోటి. అందులో 70 లక్షలకు పైగా పశ్చిమ బెంగాలుననే ఉండిరి. సుమారు 15 లక్షల జనాభాగల త్రిపురకు వచ్చినవారు 13 లక్షలకు పైబడిరి. ఇంటిలో ఎందరు మనుష్యులుందురో అందరు అతిథులు ఒక్క సంవత్సరములో వచ్చినట్లయ్యెను. 800కు పైగా శిబిరములు వెలసెను. కలకత్తా సమీపమున సాల్ట్ లేకులో మురుగునీటి కొరకు తెచ్చిన సిమెంటు గొట్టములలో కూడ కుటుంబములు కాపురముండెను.

వానకాలమునకు ముందే కలరా ప్రబలెను. సరిహద్దునందలి బనగాఁవ్ ఆసుపత్రిలో నరములలోనికి ఎక్కించు సెలైను నిండుకొనెను. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని పీపాలలో నింపించి, బంధువులచేతనే రోగులకు త్రాగించెను. నూటికి 30 వరకు నుండిన మరణములు 4కు లోపునకు తగ్గెను. నేడు ప్రపంచమందంతటను విరేచనములైన పిల్లలకు పట్టించు ఉప్పు-చక్కెర ద్రావణముపై వైద్యలోకమునకు నమ్మకము కుదిరినది ఆ శరణార్థి శిబిరముననే. 2023లో ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ పురస్కారము లభించెను.

ఆ సంవత్సరము ప్రపంచము ఏమి చేసెను? ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ సహాయ కార్యక్రమములను సమన్వయించు పనిని శరణార్థుల హైకమిషనరు సద్రుద్దీన్ ఆగాఖానుకు అప్పగించెను. అనేక దేశములనుండి ధనము, ఔషధములు, గుడారములు వచ్చెను. ఆగస్టు 1న న్యూయార్కులో రవిశంకరు, జార్జి హారిసనుల కచేరి జరిగెను. ఇవన్నియు కృతజ్ఞతతో తలచుకొనదగినవే. కాని ఖర్చులో అధికభాగము భారతదేశమే భరించెను. 1971 నవంబరు 15నుండి ఉత్తరములపై 5 పైసల శరణార్థి సహాయ బిళ్ల అదనముగా అంటింపవలసివచ్చెను. అనంతపురమున అల్లునికి ఉత్తరము వ్రాసిన మామగారును, వరంగల్లున ఉద్యోగమునకు దరఖాస్తు పంపిన యువకుడును ఆ విధముగా బనగాఁవ్ శిబిరములోని బియ్యపు గింజకు వెల చెల్లించిరి. ఐదు పైసలు పెద్ద మొత్తము కాదు. కాని అది చందా కాదు, కట్టుబాటు. దేశమంతయు కలిసి భారము మోయుట యెట్లో ఆ చిన్న బిళ్ల చూపెను. దేశములన్నియు కలిసి మోయుటకు అట్టి బిళ్ల ఏదియు నాడు లేదు, నేడును లేదు.

1971 డిసెంబరు 16న యుద్ధము ముగిసెను. 1972 మార్చి నాటికి ఇంచుమించు అందరును స్వదేశమునకు మరలిపోయిరి. దీనినిబట్టి ఒక పాఠము గ్రహింపవలెను. శరణార్థులు తిరిగిపోయినది బియ్యము అయిపోవుటచేత కాదు, పారిపోవుటకు కారణమైనది తొలగిపోవుటచేత.

నేటి స్థితి ఎట్లున్నది? శరణార్థుల హైకమిషనరు కార్యాలయపు లెక్కల ప్రకారము 2024 చివరకు హింసవలనను, యుద్ధమువలనను నివాసము కోల్పోయినవారు 12 కోట్ల 32 లక్షలు. వీరిలో ఎక్కువమంది తమ దేశపు ఎల్లలలోనే ఉన్నారు. సరిహద్దు దాటిన శరణార్థులు 4 కోట్ల 27 లక్షలు. నూటికి 67మంది పొరుగు దేశమునందే ఆగిపోయిరి. నూటికి 73మందికి ఆశ్రయమిచ్చినవి అల్ప, మధ్యతరగతి ఆదాయముగల దేశములు. శరణార్థులందరును సంపన్న దేశములకు పోవుచున్నారను అభిప్రాయమునకు ఈ లెక్కలే సమాధానము. 2014 నాటికి లెబనానులో నమోదైన సిరియా శరణార్థులు 10 లక్షలు దాటిరి. 2023 ఏప్రిలులో సూడాను యుద్ధము మొదలైన పిమ్మట మిక్కిలి పేదదైన చాదు దేశములోనికి లక్షలకొలది జనులు నడచి వచ్చిరి.

1971లో కోటిమందిని పోగొట్టుకొనిన నేల నేడు ఆశ్రయదాత స్థానమున ఉన్నది. 2017 ఆగస్టు తరువాత మయన్మారునుండి 7 లక్షలకు పైగా రొహింగ్యాలు బంగ్లాదేశములోని కాక్సుబజారు ప్రాంతమునకు వచ్చిరి. అచ్చటి కొండల అడవి వంటచెరకుగా పోయినది. కూలి రేట్లు తగ్గినవని స్థానికులు మొరపెట్టుకొనుచున్నారు. వారిని కఠినచిత్తులనుట తప్పు. వారును పేదవారే. శిబిరములలో మనిషికి నెలకు 12 డాలర్ల విలువగల ఆహారపు చీటీ ఇచ్చుచుండిరి. విరాళములు తగ్గుటచేత ప్రపంచ ఆహార కార్యక్రమము దానిని 2023 మార్చిలో 10 డాలర్లకును, జూనులో 8 డాలర్లకును తగ్గించెను. 2024లో మరల పెంచెను. భారము పంచుకొనుట దాతల ఇష్టముపై ఆధారపడినప్పుడు, పసిబిడ్డ కంచములోని అన్నము దూరదేశపు బడ్జెటుతోపాటు పెరుగుచు, తరుగుచు నుండును.

సంకల్పమున్నచో చట్టము త్వరగా కదలునని కూడ మనము చూచితిమి. 2022 ఫిబ్రవరిలో రష్యా దండెత్తగా ఉక్రెయినునుండి లక్షలాది జనులు బయలుదేరిరి. ఐరోపా సమాఖ్య 2001లో చేసికొని ఎన్నడును వాడని తాత్కాలిక రక్షణ శాసనమును కొద్ది దినములలోనే, మార్చి 4న, అమలుపరచెను. నివాసము, ఉద్యోగము, పిల్లలకు చదువు అను హక్కులు 40 లక్షలకు పైబడిన జనులకు లభించెను. ఇది మంచి పని. ఆ మంచి సిరియా, ఆఫ్ఘనిస్తాను వాసులకు ఏల అందలేదని అడుగుటయు న్యాయమే.

భారతదేశము 1951 ఒడంబడికపై గాని, 1967 ఒప్పందముపై గాని సంతకము చేయలేదు. బంగ్లాదేశమును చేయలేదు. ఆ ఒడంబడిక ఐరోపా అనుభవమునుండి పుట్టినదనియు, ఒకేసారి లక్షలమంది వచ్చినప్పుడు భారమెవరు మోయవలెనో చెప్పదనియు, పొడవైన సరిహద్దులుగల దేశమునకు భద్రత ముఖ్యమనియు దీనిని సమర్థించువారు చెప్పుదురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. కాని శరణార్థులకై ప్రత్యేక శాసనము లేకుండుటవలన 1959లో వచ్చిన టిబెటనులకు ఒక పద్ధతి, 1983 తరువాత వచ్చిన శ్రీలంక తమిళులకు ఒక పద్ధతి, రొహింగ్యాలకు వేరొక పద్ధతి ఏర్పడినవి. హైదరాబాదు బాలాపూరు ప్రాంతమున నివసించు రొహింగ్యా కుటుంబముల చేతిలో ఐక్యరాజ్యసమితి గుర్తింపు కార్డు ఉన్నను, అది ఈ దేశమున నివసించు హక్కుతో సమానము కాదు. చక్మాల వ్యాజ్యమున 1996లో సుప్రీంకోర్టు, పౌరుడైనను కాకున్నను ప్రతి మనిషి ప్రాణమును రాజ్యము కాపాడవలెనని తీర్పు చెప్పెను. 2021లో అదే న్యాయస్థానము, నిర్ణీత పద్ధతిని అనుసరించినచో రొహింగ్యాలను పంపివేయుటకు అడ్డు చెప్పలేదు. ఈ రెండు నిర్ణయముల నడుమ నున్నచోటును శాసనమే పూరింపవలెను.

2018 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి శరణార్థుల విషయమున ఒక ప్రపంచ ఒప్పందమును అంగీకరించెను. 181 దేశములు అనుకూలముగను, అమెరికా, హంగరీలు ప్రతికూలముగను ఓటు చేసెను. భారమును పంచుకొనవలెనను మాట ఈమారు పీఠికనుండి లోనికి వచ్చెను. అయినను అది చట్టబద్ధమైన కట్టుబాటు కాదు.

చేయవలసినవి మూడు. శరణార్థుల పోషణకు ప్రతి దేశమును తన శక్తినిబట్టి ముందుగానే నిర్ణయించిన వంతు చెల్లింపవలెను. చందాల మీద కాపురము నిలువదు. పొరుగు దేశమున కిక్కిరిసినవారిలో కొందరిని దూరదేశములు ఏటేట చేర్చుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, పారిపోవుటకు కారణమైన యుద్ధమును ఆపుటయు శరణార్థి సేవలో భాగమేయని గుర్తింపవలెను. యుద్ధమునకు ఆయుధములమ్మి, శరణార్థికి దుప్పటి పంపుట బాధ్యత అనిపించుకొనదు.

ఏ దేశము ఎప్పుడు ఏ వైపున నిలుచునో ముందుగా ఎవ్వరును చెప్పలేరు. 1956లో శరణార్థులను పంపిన హంగరీ 2018లో ఒప్పందమును కాదనెను. 1971లో శరణు కోరిన నేల 2017లో శరణిచ్చెను. తన కెన్నడును దిక్కు తప్పదని ధైర్యముగా చెప్పగల జాతి లేదు. కనుక పరాయివానికి దిక్కు చూపు చట్టమును గట్టిపరచుట దానము కాదు. మన ఇంటికి కూడ మనమే వేసికొను కప్పు.